పాఠం చెబితే ఏమొస్తుంది?

వార్డులో బెడ్ పక్కన మెడికల్ స్టూడెంట్లకి పాఠం చెబుతుంటే, "దీనివల్ల మీకేమొస్తుంది మేడమ్?" అన్నారు పక్క యూనిట్ డాక్టర్‌గారు, ఆ పిల్లల ఎదురుగానే. బ్రాడీపేటలో ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. అన్నం దగ్గర అత్తయ్యగారు ఏమైందని అడిగారు కూడా.

లెక్క ప్రకారం ఆయన మాట అబద్ధం కాదు. ప్రమోషన్‌కి రీసెర్చ్ పేపర్లు చూస్తారు గానీ, బెడ్ పక్కన నిలబడి ఏం నేర్పావని ఎవరూ అడగరు. 2019లో ఎంబీబీఎస్‌కి కొత్త సిలబస్ వచ్చాక, ఏమేం నేర్చుకున్నారో రాసి మా సంతకం పెట్టించుకునే లాగ్‌బుక్కులు కూడా తోడయ్యాయి, నేర్పినా సంతకమే, నేర్పకపోయినా సంతకమే. హౌస్ సర్జన్లేమో (చదువు చివర్లో ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చేసేవాళ్ళు) పీజీ సీటు కోసం రాసే నీట్ పీజీలో వచ్చే 200 ప్రశ్నల కోసం కేస్ షీట్ కింద ఫోన్ పెట్టుకుని ఎంసీక్యూలు చేస్తుంటారు. సీటు టెన్షన్ నాకు తెలుసు, అయినా పేషెంట్ ముందు అలా చేస్తే ఒళ్ళు మండుతుంది.

నేను చదువుకునేటప్పుడు మా యూనిట్ చీఫ్ అయితే ఊరుకునేవారు కాదు. స్ప్లీన్ (ప్లీహం) పెరిగిందేమో చేత్తో చూడమంటే అందరం ఎడమ పక్కటెముకల కింద తడుముతుంటే, నా చెయ్యి తీసి కుడివైపు పొత్తికడుపు మీద పెట్టించారు. "ఇక్కణ్ణుంచి మొదలుపెట్టు. పైనుంచి వెతికితే బాగా పెరిగిన స్ప్లీన్ నీ చెయ్యి కిందే ఉన్నా తెలీదు. పొడవకమ్మా, ఊపిరి పీల్చమను, అదే వచ్చి వేలికి తగులుతుంది." అంతకంటే ముందు "పెద్దాయనా, పిల్లలు చూస్తారు, నొప్పేస్తే చెప్పు" అని పేషెంట్‌ని అడిగారు, మమ్మల్ని చేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకోమన్నారు. అప్పటికే కొత్తపేటలో ఆయన క్లినిక్ ముందు జనం ఎదురుచూస్తూ ఉండేవారు. అంటే ప్రైవేట్ ప్రాక్టీసు ఉన్నవాళ్ళు నేర్పరని కూడా అనలేను.

ఆ చీఫ్ రుణం తీర్చుకోవడానికే నేర్పుతున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. హిపోక్రటీస్ ప్రమాణంలోనూ గురువుగారి పిల్లలకి ఫీజు లేకుండా విద్య నేర్పాలని ఉంది. కానీ ఇది రాస్తుంటే అది కాదనిపిస్తోంది. ఇవాళ ఒకమ్మాయి స్ప్లీన్ చూస్తూ "మేడమ్, తగిలింది!" అన్నప్పుడు నాకు చీఫ్ గుర్తురాలేదు, ఆ పిల్ల మొహమే చూస్తున్నాను. ఇంకో సంగతి, అర్ధరాత్రి క్యాజువాలిటీకి వచ్చినవాళ్ళ మీద మొదట చెయ్యి వేసేది చాలాసార్లు హౌస్ సర్జనే. పీజీ డాక్టర్ వచ్చేలోపు ఆ పేషెంట్‌కి వాళ్ళే దిక్కు.

రేపటి నుంచి లాగ్‌బుక్ పట్టుకొచ్చిన వాళ్ళని ముందు బెడ్ దగ్గరికి తీసుకెళ్తాను. పేషెంట్‌ని చూసి, ఏం తెలిసిందో చెప్పాకే సంతకం. కోపమొస్తే రానీ.