రైస్ మిల్లు నుంచి సోలార్ పంపుల దాకా: లింక్డ్‌ఇన్‌లో నా ఉద్యోగ వేట

మాది పర్లాకిమిడి. 1936లో ఊరు ఒడిశాలో కలిసింది గానీ మా ఇంట్లో, వీధిలో ఇప్పటికీ తెలుగే. నా చదువంతా ఒడియా మీడియం. ఎలక్ట్రికల్ డిప్లొమా అయ్యాక ఒక రైస్ మిల్లులో మెయింటెనెన్స్ పనికి కుదిరాను. అదీ మా బావ చెబితేనే. మా వైపు చాలా ఉద్యోగాలు ఇలా తెలిసినవాళ్ళ నోటి మాట మీదే నడుస్తాయి. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్‌లో కార్డు ఉంది, బీరువాలో భద్రంగా ఉంది.

జీతం పెరిగే దారి కనబడక వేరే పని చూద్దామనుకున్నాను. బావ నన్ను వాట్సాప్ గ్రూపుల్లో చేర్చాడు. పాతపట్నం, టెక్కలి వైపుది ఒకటి, బరంపురం వైపుది ఒకటి. అదే పోస్టర్ పదిసార్లు తిరుగుతుంది, తేదీ ఉండదు. ఫోన్ చేస్తే "ఆ పోస్టు ఎప్పుడో నిండిపోయింది బాబూ" అంటారు. టెలిగ్రామ్‌లో ఒకాయన గల్ఫ్‌లో ఎలక్ట్రీషియన్ పని ఉందని, మెడికల్ ఖర్చులకు ముందు డబ్బు పంపమని అడిగాడు. విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్సున్న ఏజెంట్ల జాబితా ఉంటుంది. వాళ్ళు తీసుకోదగ్గ ఫీజు కూడా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. ఆయన ఏజెన్సీ పేరు ఆ జాబితాలో లేదు. లైసెన్స్ నంబరు చెప్పండని అడిగాను. నన్ను బ్లాక్ చేశాడు.

ఉద్యోగాల కోసం ప్రొఫైల్ పెట్టుకునే సైట్ లింక్డ్‌ఇన్ సంగతి చెప్పింది భువనేశ్వర్‌లో ఉన్న మా కాలేజీ సీనియర్. నా ప్రొఫైల్ చూసి, "ఎలక్ట్రీషియన్ అని ఒక్క ముక్క రాస్తే ఎవరు వెతుకుతార్రా? ఏ మిషన్ మీద చేశావో అది రాయి" అన్నాడు. అసలు కిటుకు అక్కడే ఉంది. రిక్రూటర్, అంటే కంపెనీ కోసం మనుషుల్ని వెతికేవాడు, మన ప్రొఫైల్ తీరిగ్గా కూర్చుని చదవడు. కొన్ని మాటలు, ఒక ప్రాంతం పెట్టి వెతుకుతాడు. ఆ మాటలు మన ప్రొఫైల్‌లో లేకపోతే మనం లేనట్టే. అందుకని వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని అదుపు చేసే పరికరం), సాఫ్ట్ స్టార్టర్ (మోటార్‌ను మెల్లగా స్టార్ట్ చేసేది), ప్యానెల్ వైరింగ్, మోటార్ అని చేతితో చేసిన పనులన్నీ రాశాను. కాలిపోయిన స్టార్టర్ మార్చినప్పుడు తీసిన ఫొటోలు ఉంటే అవీ పెట్టాను.

పేరు దగ్గర పెద్ద తలనొప్పి. మన వాళ్ళం ఇంటిపేరు ముందు పెడతాం, ఇక్కడి రికార్డుల్లో అది చివరికి పోతుంది. నా డిప్లొమాలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. డిజిలాకర్ ద్వారా ప్రొఫైల్ వెరిఫై చేసుకోవాలంటే పేరు ఆధార్‌తో కలవాలి, రేపు కంపెనీ సర్టిఫికెట్లు చూసేటప్పుడు అవీ కలవాలి. ముందే సరిచేయించుకోవడం మేలు. సరిహద్దు ఊళ్ళవాళ్ళకు ఇది తప్పనిసరి పని.

పని వెతుకుతున్నానని చెప్పే 'ఓపెన్ టు వర్క్' అనేది అందరికీ కనబడేలా ఆకుపచ్చ రింగుతోనూ పెట్టొచ్చు, రిక్రూటర్లకు మాత్రమే కనబడేలానూ పెట్టొచ్చు. నేను రెండోది పెట్టాను. మా ఓనరు గారికి లింక్డ్‌ఇన్ లేదు గానీ వాళ్ళబ్బాయికి ఉంది మరి. పని కావాల్సిన ప్రాంతాల్లో పర్లాకిమిడి ఒక్కటే కాకుండా విశాఖపట్నం, భువనేశ్వర్, బరంపురం కూడా చేర్చాను. భాషల విభాగంలో తెలుగు, ఒడియా, హిందీ, కొంచెం సవర (ఇక్కడి కొండల్లో సవరలు మాట్లాడే భాష) అని రాశాను. సవర రాయడానికి మొదట మొహమాటపడ్డాను, ఉద్యోగానికి అదెందుకని.

చాలా రోజులు ఏమీ లేదు. ఇన్సూరెన్స్ అమ్మమనేవాళ్ళ మెసేజ్‌లే. తర్వాత సోలార్ పంపుల కంపెనీ హెచ్‌ఆర్ మేడమ్ రాశారు. ఒడిశా దక్షిణ జిల్లాలకూ శ్రీకాకుళం వైపుకూ కలిపి ఒకే సర్వీస్ ఇంజనీర్ కావాలట. ఒడియా వచ్చినవాడికి తెలుగు రాదు, తెలుగు వచ్చినవాడు గుణుపురం కొండల్లోకి రానంటాడు. వాళ్ళ సోలార్ పంపుల్లోనూ వీఎఫ్‌డీ ఉంటుంది కాబట్టి టెక్నికల్ రౌండ్ నాకు కష్టం కాలేదు. ఇంటర్వ్యూ వీడియో కాల్‌లో. మేడ మీద సిగ్నల్ బాగుంటుందని అక్కడ కూర్చుంటే నాన్న కింద నుంచి "ఏట్రా, ఎండలో ఒక్కడివే మాట్లాడుకుంటన్నావు?" అని అరిచారు. మేడమ్ నవ్వారు. చివర్లో ఆవిడ అడిగింది సవర గురించే, రైతుతో పంపు సంగతి మాట్లాడగలరా అని. మాట్లాడగలనన్నాను.

ఆఫర్ లెటర్ మెయిల్‌లో వచ్చింది. కంపెనీ పేరు కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో ఉందో లేదో చూసి, ఆఫీసు ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేసి కన్ఫర్మ్ చేసుకున్నాకే మిల్లులో చెప్పాను. ఓనరు గారు కోప్పడలేదు, "నీ జాగాలో మనిషిని చూపించి వెళ్ళు" అన్నారంతే. మిల్లులో నా జాగా ఖాళీ అని లింక్డ్‌ఇన్‌లో పెడితే ఎవరూ కదల్లేదు. బావ గ్రూపులో జీతం, తేదీ, ఫోన్ నంబరు స్పష్టంగా రాసి పెట్టాను. సాయంత్రానికి కాశీనగర్ కుర్రాడు సైకిలేసుకుని వచ్చేశాడు.