ఒరాయన్ నెబ్యులా ఫొటో కోసం వెళ్తే గుప్తనిధుల ముఠా అన్నారు

ఫొటో వచ్చింది. మధ్యలో కళ్ళు చెదిరే తెలుపు, రెండు వైపులా గులాబీ రంగు రెక్కలు, కాస్త పైన నీలంగా ఇంకో చిన్న నెబ్యులా. ఎం42, అంటే ఒరాయన్ నెబ్యులా. కొత్త నక్షత్రాలు పుడుతున్న వాయువు, ధూళి మేఘం. ఇంట్లో అందరికీ రెండేసి సార్లు చూపించాను, ఇక చాలన్నారు. దీనికోసం పడ్డ పాట్లు మాత్రం రాయకుండా ఉండలేను.

సామాను పెద్దదేం కాదు. పాత కానన్ కెమెరా, 200 ఎంఎం లెన్స్, ఆకాశంతో పాటు కెమెరాను తిప్పే ట్రాకర్, ట్రైపాడ్. నెబ్యులాలోని ఎరుపు హైడ్రోజన్‌ది, 656 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వస్తుంది. మామూలు కెమెరా సెన్సార్ ముందుండే ఫిల్టర్ దాన్ని చాలావరకు ఆపేస్తుంది కాబట్టి, ఆ ఫిల్టర్ తీయించుకోమని అందరూ సలహా ఇస్తారు. ఒరాయన్‌కి అక్కర్లేదు. దాని వెలుగు మామూలు కెమెరాకూ దొరుకుతుంది. ముందే డబ్బు తగలేయకండి.

ట్రాకర్ తిరిగే ఇరుసుని ధ్రువ నక్షత్రానికి గురిపెట్టాలి. యూరప్ వాళ్ళ వీడియోల్లో ధ్రువుడు హాయిగా ఎత్తున ఉంటాడు. మన దగ్గర 15 డిగ్రీలే, అంటే చెట్ల వెనక, దుమ్ములో. ట్రాకర్‌ని అంత కిందికి వంచితే కౌంటర్‌వెయిట్, అంటే కెమెరాకి సరితూగేలా రెండో వైపు తగిలించే బరువు, వెళ్ళి ట్రైపాడ్ కాలికి కొట్టుకుంటుంది. బరువు రెండు కాళ్ళ మధ్య ఖాళీలోకి వచ్చేలా ట్రైపాడ్‌ని తిప్పి పెట్టుకోవాలి. ఈ ముక్క ఏ వీడియోలోనూ చెప్పలేదు.

డిసెంబరు అమావాస్యకి రాయలసీమలో మా మేనమామ వాళ్ళ ఊరెళ్ళాను. ఊరి బయట పాడుబడ్డ కోట గోడ పక్కన గట్టు ఉంది. ఉత్తరం వైపు అడ్డేమీ లేదు, వీధిదీపాలూ లేవు. తోడుగా మా బావమరిది. తలకి ఎర్ర లైటు కట్టుకుని, పచ్చ లేజర్‌తో ధ్రువుణ్ణి వెతికి, ఒక్కో ఫ్రేముకి నిమిషం చొప్పున మొదలుపెట్టాను.

పాత కోట, అమావాస్య రాత్రి, ఎర్ర లైటు, ఆకాశంలోకి పచ్చ గీత. ఊళ్ళో వాళ్ళు ఏమనుకుంటారు? కర్రలతో పదిమంది, వెనకే బైకు మీద ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు.

"యాడ తవ్వినారు?" ఇదీ మొదటి ప్రశ్న.

తవ్వలేదు సార్, ఫొటో తీస్తున్నామన్నాను. బ్యాగు నేల మీద బోర్లించారు. లెన్స్‌కి మంచు పట్టకుండా చుట్టే హీటర్ పట్టీ, ఇనప కౌంటర్‌వెయిట్, నాలుగు నిమ్మకాయలు. నిమ్మకాయలు చూడగానే వాళ్ళ మొహాలు మారిపోయాయి.

"ఇవెందుకు?"

"కోడికూరలోకి సార్," అన్నాడు మా బావమరిది. ఎవరూ నమ్మలేదు.

అంతసేపూ కెమెరా నిమిషానికోసారి టక్కుమంటూనే ఉంది. "ముందు ఆ మిషన్ ఆపు" అని ఒకాయన అరిచాడు. స్క్రీన్ మీద గులాబీ మచ్చ చూపించాను. తల పైకెత్తి చూశాడు, మళ్ళీ స్క్రీన్ చూశాడు. "పైన నాకేం కనపడలే. ఇది నెట్‌లోది దించినావు," అన్నాడు. దొంగ అన్నా అంత బాధ ఉండేది కాదు. 1880లో హెన్రీ డ్రేపర్ అనే అమెరికన్ దాదాపు 50 నిమిషాల ఎక్స్‌పోజర్‌తో మొదటిసారి ఈ నెబ్యులా ఫొటో తీశాడు. నా నిమిషం ఫ్రేములో అంతకన్నా ఎక్కువ కనిపిస్తోంది. దాన్ని పట్టుకుని డౌన్‌లోడ్ అంటాడా!

స్టేషన్‌లో బల్ల మీద సామానంతా వరసగా పేర్చి, నిమ్మకాయలతో సహా, వెనక మమ్మల్ని నిలబెట్టి ఫోన్లో ఫొటో తీసుకున్నారు. తెల్లారేసరికి అది ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంది, కింద "గుప్తనిధుల ముఠా?" అని. ప్రశ్నార్థకం పెట్టినందుకు సంతోషించాలట. మా మామయ్య వచ్చి, "నా మేనల్లుడు సార్, హైదరాబాదులో ఉద్యోగం" అని ఒక్క మాట అనేసరికి వదిలేశారు. అంతసేపూ నేను చెప్పిందీ అదే. ఈ దేశంలో నిజానికి కూడా పూచీకత్తు కావాలి.

ఊరివాళ్ళని తప్పుపట్టను. నిధుల పిచ్చితో పాత గుళ్ళూ కోటలూ తవ్వి పాడుచేసేవాళ్ళు సీమలో నిజంగానే ఉన్నారు. మీరు వెళ్తే పగలే సర్పంచికి చెప్పండి, స్టేషన్‌లో కాగితం రాసిచ్చి ముద్ర వేయించుకోండి. కోటల జోలికి పోకండి. నిమ్మకాయలు ఇంట్లోనే పెట్టండి.

మర్నాడు రాత్రి మామయ్యని వెంటబెట్టుకుని ఆయన చేలోకే వెళ్ళాను. నిమిషం ఫ్రేములు గంటన్నర పాటు తీశాను. నిమిషం ఎక్స్‌పోజర్‌లో నడిమధ్యనున్న ట్రెపీజియం నక్షత్రాలు తెల్లగా మాడిపోతాయి, అందుకని విడిగా అయిదు సెకన్లవి కొన్ని. అన్నీ సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఫొటోగా కలిపాను, అది ఉచితం. ఈ వెలుగు అక్కడ బయల్దేరి సుమారు 1,340 ఏళ్ళయింది. అప్పటికి బాదామి చాళుక్యులు రాజ్యం చేస్తున్నారు.

లేజర్ ఇంకా స్టేషన్‌లోనే ఉంది. రసీదు అడిగితే "కేసు లేనప్పుడు రసీదెందుకు?" అన్నారు. కేసు లేనప్పుడు లేజర్ ఎందుకుంచుకున్నారో సంక్రాంతికి వెళ్ళినప్పుడు అడుగుతాను, మామయ్యని పక్కన పెట్టుకుని.