కొండారెడ్డి బురుజుకి డూప్

2003 సంక్రాంతికి మహేష్ బాబు సినిమా ఒక్కడు వచ్చినప్పుడు అందులో చార్మినార్ డూప్లికేట్, కొండారెడ్డి బురుజు ఒరిజినల్. చార్మినార్‌కి హైదరాబాద్ శివార్లలో సెట్ వేసుకున్నారు, బురుజు కోసం మాత్రం యూనిట్ అంతా కర్నూలుకే వచ్చింది. పదిహేడేళ్ల తర్వాత మళ్లీ సంక్రాంతి, మళ్లీ మహేష్ బాబు, సరిలేరు నీకెవ్వరు. ఈసారి బురుజు కూడా సెట్టే, రామోజీ ఫిల్మ్ సిటీలో వేశారు. మావోళ్లు కొంతమంది ఫీలయ్యారు, "బురుజు ఈడ పెట్టుకుని ఆడ ఇంకోటి కట్టేదేంటికప్పా" అని. నాకైతే అది ప్రమోషన్ లాగే అనిపించింది, అసలు దగ్గర షూటింగ్ చేయలేనంత ఫేమస్ అయిపోయింది కాబట్టి చార్మినార్ లెవెల్‌కి వచ్చేసినట్టే కదా.

ప్రాక్టికల్‌గా చూసినా అంతే. బురుజు దగ్గర ఒకసారి నిలబడి చూడండి, ఆటోలు, తోపుడుబండ్లు, కరెంటు తీగలు, ఎవరిదో బర్త్‌డే ఫ్లెక్సీ. దాని మధ్యలో పెద్ద హీరోని దింపితే జనాన్ని ఆపడానికే రోజంతా సరిపోతుంది. పైగా అది విజయనగర రాజుల కాలం నాటి కట్టడం, దాని పక్కన సుమోలు గాల్లోకి లేపుతామంటే ఎవరు ఒప్పుకుంటారు. సెట్ అయితే గోడ అడ్డొస్తే గోడ పీకి కెమెరా పెట్టుకోవచ్చు.

ఈ లెక్క హాలీవుడ్ వాళ్లు వందేళ్ల కిందటే వేసుకున్నారు. స్టూడియో వెనకాల ఖాళీ జాగాలో ఒక వీధి పర్మనెంట్‌గా కట్టిపెట్టుకోవడం, ముందు గోడ మాత్రమే, వెనక్కి పోతే కర్రలు, దూలాలు తప్ప ఏమీ ఉండదు, బోర్డులు మార్చి రంగు మారిస్తే ఇవాళ న్యూయార్క్ రేపు పారిస్. దాన్నే బ్యాక్‌లాట్ అంటారు. 1915 మార్చిలో కార్ల్ లెమ్లీ అనే ప్రొడ్యూసర్ యూనివర్సల్ సిటీ స్టూడియో ఓపెన్ చేసినప్పుడు 25 సెంట్లు తీసుకుని జనాన్ని లోపలికి రానిచ్చి షూటింగ్ చూపించేవాడు, మూకీల కాలం కాబట్టి ఎంత గోల చేసినా నష్టం లేదు. టాకీలు వచ్చాక ఆ వ్యవహారం కుదర్లేదు, మళ్లీ 1964లో టూర్ పేరుతో మొదలుపెట్టారు. ఇవాళ రామోజీలో మనం బస్సెక్కి తిరిగేది కూడా ఆ పద్ధతే.

నాకు బాగా నచ్చేది గోడ కథ. 1927లో ఒక బైబిల్ సినిమాకి వేసిన పెద్ద గోడని 1933లో కింగ్ కాంగ్ వాళ్లు రిపేర్ చేసి వాడుకున్నారు, చివరికి 1938 డిసెంబర్ 10 రాత్రి గాన్ విత్ ద విండ్ లో అట్లాంటా తగలబడే సీన్ కోసం మిగతా పాత సెట్లతో కలిపి దానికి నిప్పు పెట్టేశారు. జాగా ఖాళీ అయింది, సీనూ వచ్చింది. ప్రొడ్యూసర్ అంటే అట్లుండాల.

సరే మన సంగతికొస్తే, సీమలో చెప్పుకోదగ్గ స్టూడియో లేదు గానీ సౌత్‌లోనే పెద్ద స్టూడియో కట్టినోళ్లు సీమోళ్లే. మద్రాసు వడపళనిలో వాహినీ స్టూడియో వెనక తాడిపత్రి మూలా నారాయణస్వామి, కడప జిల్లా బి.ఎన్.రెడ్డి ఉన్నారు, తర్వాత దాన్ని బి.ఎన్. తమ్ముడు నాగిరెడ్డి చేతిలోకి తీసుకుని విజయా వాహినీ చేశాడు. పాతాళభైరవి, మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డిది కూడా తాడిపత్రే. 1957లో మాయాబజార్ కోసం ద్వారకని బొమ్మ నగరంగా కట్టారు, 50 అడుగులకి 60 అడుగుల జాగాలో సుమారు 300 చిన్న ఇళ్లు, వాటికి విడివిడిగా కరెంటు లైట్లు. కెమెరా మార్కస్ బార్ట్లీ. ఇప్పటికీ ఆ షాట్ వస్తే నేను ఛానెల్ మార్చను. బి.ఎన్. గారి 1951 మల్లీశ్వరి కథేమో కృష్ణదేవరాయల కాలంది, అనంతపురం నుంచి హంపి ఎంతో దూరం కాదు, అయినా రాయలవారి వైభవాన్ని మద్రాసులో సెట్లు వేసే చూపించారు. హంపిలో మిగిలింది శిథిలాలే కదా, పచ్చగా బతికున్న నగరం కావాలంటే కట్టుకోవాల్సిందే. అంటే అసలుని పక్కన పెట్టి నకలు కట్టే పని మనోళ్లకి కొత్తేం కాదు, కాబట్టి బురుజు గురించి మరీ బాధపడక్కర్లేదు.

బాధపడాల్సింది స్టూడియోల గురించి. వాహినీ జాగాలో ఇప్పుడు హాస్పిటల్, షాపింగ్ మాల్ ఉన్నాయి. అమెరికాలోనూ అంతే, ట్వెంటియెత్ సెంచురీ ఫాక్స్ వాళ్ల బ్యాక్‌లాట్ 1961లో రియల్ ఎస్టేట్‌కి పోయి సెంచురీ సిటీ అయింది. ఇంకా విడ్డూరం, 1916లో గ్రిఫిత్ అనే డైరెక్టర్ తన సినిమాకి వేసిన బాబిలోన్ నగరం సెట్‌ని కొన్నేళ్లకి కూల్చేశారు, 2001లో హాలీవుడ్‌లో ఒక మాల్ కట్టి అదే సెట్ గేటుకి, దాని ఏనుగులకి నకలు పెట్టారు. తర్వాత ఏనుగుల్ని కూడా తీసేశారు. నకలుకి నకలు, అదీ పాయె.

బనగానపల్లెలో కథ తిరగబడింది. అక్కడిది నిజమైన నవాబు బంగ్లా, అక్కడ తీసిన అరుంధతి సినిమా 2009లో వచ్చాక జనం దాన్ని అరుంధతి కోట అనే అంటారు. యాగంటి పోయేవాళ్లు దారిలో ఆగి సెల్ఫీలు దిగుతారు, నవాబు ఎవరని అడిగేవాళ్లు తక్కువే.

ఇంక ఓర్వకల్లు. బాహుబలి షూటింగ్ 2013 జూలైలో మొదలైంది మా ఓర్వకల్లు రాళ్ల మధ్యే, మాహిష్మతి మాత్రం సాబు సిరిల్ డిజైన్‌తో రామోజీలో వేశారు, సినిమా అయిపోయాక పీకేయకుండా ఉంచి చూపిస్తున్నారు. రాజభవనం వేయొచ్చు గానీ ఓర్వకల్లులో ఉన్నట్టు చెక్కుచెదరకుండా నిలబడ్డ ఆ రాళ్ల గుట్టల్ని ఏ ఆర్ట్ డైరెక్టర్ అయినా వేయగలడా అంటే నాకు డౌటే. కర్నూలు నుంచి నంద్యాల రోడ్డులో పోతే వచ్చేస్తుంది. ఎండాకాలం అయితే పొద్దున్నే పోండి, నీళ్లు తీసుకుపోండి, పదింటికల్లా రాయి కాలుతుంటుంది.