పసుపు వద్దన్న రోజు

"వద్దు అమ్మమ్మా, అది స్టెరైల్ కాదు" అని మా వాడు కాలు వెనక్కి లాక్కున్నాడు.

సెలవులకి రాజోలు దగ్గర మా ఊరు వెళ్ళాం. పెరట్లో నిమ్మచెట్టు కిందికి బంతి పోతే చెప్పుల్లేకుండా పరిగెత్తి ముల్లు గుచ్చుకున్నాడు. ముల్లు తీసేశాం గాని మర్నాటికి పాదం ఎర్రగా వాచింది. అమ్మ కొబ్బరినూనెలో పసుపు వేడిచేసి గిన్నెతో తెచ్చింది. వాడికి పదకొండేళ్ళు. క్రిములేమీ లేనిదని అర్థమున్న ఆ 'స్టెరైల్' అన్న మాట వాడిది కాదు, నాది. ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే నేను ఇంట్లో రోజుకోసారైనా ఆ మాట వాడతాను. అమ్మ ఏమీ అనలేదు. గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను కూడా ఆపలేదు. సబ్బునీళ్ళతో గాయం కడిగాను, టెటనస్ టీకా ఎప్పుడు వేయించామో చూసుకున్నాను. పచ్చి పుండు మీద డబ్బాలో పసుపు పెట్టకూడదని ఇప్పటికీ అంటాను. కానీ సెలవులయ్యి మా ఇంటికి తిరిగొచ్చాక వాడికి జలుబు చేస్తే పసుపుపాలు పట్టుకుని వెంటపడేది నేనే. తాగనంటే "అమ్మమ్మ ఇచ్చే మందురా" అని కోప్పడేదీ నేనే. అదే పసుపు, అదే అమ్మమ్మ.

ఆ రాత్రి దోమతెరలో పడుకుని వాడు "కాలు ఎందుకింత వేడిగా ఉంది?" అని అడిగాడు. తెల్లకణాలు వచ్చాయని చెప్పాను. "ఎవరు పిలిచారు వాటిని?"

ఆ ప్రశ్న నాకెంత నచ్చిందో చెప్పలేను. రోజూ గాజుపలక మీద న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు లెక్కపెట్టే నన్ను ఇంట్లో ఎవరూ ఆ మాట అడగలేదు. లేచి కూర్చుని చెప్పాను. చర్మం కింద కాపలా ఉండే మాక్రోఫేజ్‌లు బాక్టీరియాను పసిగట్టి రసాయనాలు వదులుతాయి. దాంతో పక్కనున్న రక్తనాళం గోడ జిగురుగా మారుతుంది. రక్తంలో కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్ ఆ గోడకు తగులుకుని దొర్లుతూ నెమ్మదించి, సందు చూసుకుని బయటికి వస్తుంది. తర్వాత వాసన పట్టినట్టు వెళ్తుంది. బాక్టీరియా తన ప్రోటీన్లను ఒక ప్రత్యేకమైన తునకతో మొదలుపెడుతుంది. ఆ తునకలు ఎటు చిక్కగా ఉంటే న్యూట్రోఫిల్ అటు నడుస్తుంది. ఆ నాళం వెడల్పై రక్తం ఎక్కువ వచ్చినందుకే నీ కాలు ఎర్రగా, వేడిగా ఉంది అన్నాను.

వాడికి మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త కథ కూడా చెప్పాను. 1882లో ఇటలీలోని మెస్సినాలో, ఇంట్లోవాళ్ళంతా సర్కస్‌కి వెళ్ళిన రోజున ఒంట్లో తిరిగే కణాలే లోపలికి చొరబడినదాన్ని చుట్టుముడతాయేమోనని ఆయనకు ఒక ఆలోచన తట్టింది. గాజులా లోపలంతా కనిపించే నక్షత్రచేప పిల్లకు గులాబీ ముల్లు గుచ్చి రాత్రంతా నిద్రపోలేదు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. "పాపం, ఆ పిల్లకి నొప్పెట్టలేదా?" అన్నాడు మా వాడు.

పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఇదంతా అమ్మమ్మకి చెప్పబోయాడు. ముందురోజు మాట వాడికీ గుచ్చుకుందేమో. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. ఆప్సనైజేషన్ దగ్గర ఆగిపోయాడు. చాలా బాక్టీరియాలకు పైన జారుడు పొర ఉంటుంది, కణానికి పట్టు దొరకదు. రక్తంలో ఉండే యాంటీబాడీలు, కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు దానికి అంటుకుంటే అప్పుడు పట్టు చిక్కుతుంది. భోజనం సిద్ధంచేయడమనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చింది. వాడు "సాస్ వేస్తారు" అన్నాడు. అమ్మ కొంచెం ఆలోచించి "నంజుకోడానికేదో ఉంటే గాని ముద్ద దిగదన్నమాట" అంది. ఇన్నేళ్ళలో నాకు ఆ మాట తట్టలేదు.

తర్వాతది నేను అందుకున్నాను. పట్టు చిక్కగానే కణం లోపలికి కబురు వెళ్తుంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేట్ తీసి ఒక ప్రోటీన్ ఇంకోదానికి తగిలిస్తుంది, అదే కబురు. లోపలి సన్నటి పోగులు పెరిగి పైపొరను చేతుల్లా చాస్తాయి. న్యూట్రోఫిల్స్ బాక్టీరియాను సంచిలో మూసేసి, ఆ సంచిలో సూపరాక్సైడ్‌తో మొదలుపెట్టి బ్లీచింగ్ లాంటి రసాయనం దాకా తయారుచేస్తాయి. చంపాక అవీ చనిపోతాయి. అదే చీము.

"అయ్యో, అన్నీ చచ్చిపోతాయా?" అంది అమ్మ. రోజుకి దాదాపు 10,000 కోట్లు కొత్తవి పుడతాయని చెప్పినా ఆవిడ మొహంలో ఆ జాలి పోలేదు.

రెండు రోజులకి వాపు తగ్గాక, చించినాడ వంతెన దాటి భీమవరం వెళ్ళాం. 1895లో శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టిన ఊరు ఇదేరా అన్నాను. నేను చెప్పిన ఏటీపీని 1929లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఆయన, అదే ఏడాది జర్మనీలో విడిగా లోమన్ అనే శాస్త్రవేత్త కనిపెట్టారు. 1923లో బోస్టన్ వెళ్ళిన మనిషి 1948లో న్యూయార్క్ దగ్గర పోయేదాకా మళ్ళీ ఈ నేల తొక్కలేదని గొప్పగానే చెప్పాను, ఆయన పని అంతటిదని. "మరి వాళ్ళమ్మ?" అన్నాడు. కాలవ గట్టు చూస్తూ ఊరుకున్నాను.

పిల్లలకి మనం పుట్టిన ఊళ్ళోదీ, ఉంటున్న ఊళ్ళోదీ, రెండు చోట్లా మంచిది నేర్పండి అని చిన్న తల్లులకి సలహాలిస్తుంటాను. నేర్పేటప్పుడు మనం ఏ గొంతుతో మాట్లాడతామో కూడా వాళ్ళు నేర్చుకుంటారని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలన్నా ఏ గొంతు సరైనదో నాకు తెలియడం లేదు.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో వాడు పాదం చూపించాడు. మచ్చ కూడా లేదు. వాడు ఆడుకోడానికి వెళ్ళిపోయాక అమ్మ కాసేపు ఊళ్ళో సంగతులు చెప్పింది. ఫోను పెట్టేయబోతూ, ఏదో గుర్తొచ్చినట్టు, మెల్లిగా అంది.

"ఆ రోజు చేతులు కడుక్కునే వచ్చానమ్మా."