కుక్కకి టిన్ను నీళ్లా అని నవ్వకండి

మొన్న రోహిణీ కార్తెలో మా బబ్లూకి వరసగా నాలుగు రోజులు విరేచనాలు. బబ్లూ అంటే మా కుక్క. జాతి గీతి ఏమీ లేదు, బెజవాడ సత్యనారాయణపురం బీఆర్‌టీఎస్ రోడ్డు పక్కన దొరికిన పిల్ల, ఇప్పుడు 18 కిలోలు. తిండి మార్చలేదు, బయట ఏమీ తినలేదు, మరి ఎందుకిలా అని టెన్షన్ పడి వెటర్నరీ డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్తే ఆయన మొదట అడిగింది నీళ్ల గురించే.

"ఏం నీళ్లు పెడుతున్నారమ్మా?"

"టిన్ను నీళ్లేనండీ, మేం తాగేవే" అన్నాను, కాస్త గొప్పగానే.

"గిన్నె రోజూ తోముతున్నారా?"

"ఖాళీ అవ్వగానే పోస్తామండీ."

"పోయడం కాదమ్మా, తోమడం."

ఇంటికొచ్చి ఆ స్టీలు గిన్నెలో వేలు పెట్టి చూశాను. బెండకాయ కోసిన చాకులా జిగురు. పైకి తళతళలాడుతోంది, లోపల మాత్రం క్రిములు పొర కట్టుకుని కాపురం పెట్టాయి. ఏ నీళ్లు పోసినా ఆ పొరలోనే కదా పోసేది. అప్పుడు అనుమానం వచ్చి వంటింట్లో టిన్ను తీసి, మిగిలిన నీళ్లు మొక్కలకి పోసి, డాబా మీదికి పట్టుకెళ్లి ఎండకి ఎత్తి చూస్తే అడుగున మూల వెంబడి లేత ఆకుపచ్చ గీత. పాచి! మా పాప రోజూ బడికి సీసాలో పట్టుకెళ్లేది ఆ నీళ్లే. మార్చి నుంచి దానికి రెండుసార్లు కడుపునొప్పి వస్తే ఎండ దెబ్బేమో అని మజ్జిగ తాగించి ఊరుకున్నాం.

టిన్ను తెచ్చే అబ్బాయిని అడిగితే వెంటనే జేబులోంచి టీడీఎస్ మీటరు తీసి ముంచాడు. 40 చూపించింది. మా మున్సిపల్ కుళాయి నీళ్లలో ముంచితే 300 పైచిలుకు. "చూశారా మేడమ్" అన్నాడు. చూశాను బాబూ, కానీ ఆ మీటరు లెక్కపెట్టేది కరిగిన లవణాల్ని, క్రిముల్ని కాదు. తాగే నీళ్ల ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా టీడీఎస్ ఉంటే ఇబ్బందే లేదు. మా కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్లు ఆ లోపే ఉన్నాయి. ఎక్కువ చూపిస్తే విషం, తక్కువ చూపిస్తే అమృతం అన్నట్టు ఆ మీటరుతో సగం బెజవాడని భయపెట్టేశారు.

నాకు తర్వాత బోధపడిన సంగతి క్లోరిన్ గురించి. మున్సిపల్ నీళ్లలో మందు కలిపేది శుద్ధి చేసే చోట క్రిముల్ని చంపడానికి మాత్రమే కాదు, దారి పొడవునా కాపలా కాయడానికి కూడా. చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని నియమం. టిన్ను నీళ్లు తయారయ్యే ఆర్‌వో ప్లాంటులో ముందు తీసేసేది ఆ క్లోరిన్‌నే, లేకపోతే లోపలి పొర పాడైపోతుంది. ఆ తర్వాత అతినీలలోహిత కాంతో, ఓజోనో పెడతారు గానీ టిన్నులో పడ్డాక ఆ నీళ్లకి క్లోరిన్ కాపలా ఉండదు. సరిగ్గా కడగని టిన్నులో పోసి, ట్రాలీ ఆటోలో ఎండలో తిప్పి, మన ఇంట్లో మూడు రోజులు ఉంచితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మా అత్తయ్యగారు "కుళాయిలో బ్లీచింగ్ వాసన వస్తోందంటే మందు వేశారనే అర్థమే, భయపడాల్సింది వాసన రాని రోజు" అంటుంటే ఇన్నాళ్లూ చాదస్తం అనుకున్నాను. (ఆవిడకి ఇది చదివి వినిపించొద్దని మా ఆయనకి ముందే చెప్పాను.)

అలాగని కుళాయి నీళ్లకి హారతి పట్టడం లేదు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట చుట్టుపక్కల అతిసారంతో పదిమందికి పైగా చనిపోయారు. తాగే నీళ్లలో మురుగు కలవడమే అక్కడ వచ్చిన తంటా. మన ఊళ్లలో నీళ్లు 24 గంటలూ రావు, పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. ఆపేసినప్పుడు గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది, ఎక్కడ చిల్లుంటే అక్కడినుంచి పక్క కాలవలో నీళ్లు లోపలికి లాగేసుకుంటుంది. అందుకే కుళాయి వదలగానే వచ్చే మొదటి నీళ్లు పట్టకూడదు.

నేను ఊరుకోకుండా ఇంట్లోనే నీళ్లు పరీక్షించే హెచ్‌టూఎస్ సీసాలు నాలుగు తెప్పించాను. గీత దాకా నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు గది వేడిలో వదిలేస్తే చాలు, మలం కలిసిన నీళ్లయితే నల్లగా మారతాయి. పొద్దున నేరుగా కుళాయి కింద పట్టినవి మారలేదు. కొత్త టిన్ను కూడా మారలేదు. బబ్లూ గిన్నెలో నీళ్లు పోసిన సీసా నల్లబడింది, అది ఎదురుచూసిందే. నాలుగోది మా అపార్ట్‌మెంట్ ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు. మర్నాడు మధ్యాహ్నానికే సిరా పోసినట్టు అయిపోయింది! సంపు మూత పగిలి ఎన్నాళ్లయిందో, పక్కనే సెప్టిక్ ట్యాంకు. ఆ నీళ్లతోనే మేం పళ్లు తోముకుంటాం, కూరలు కడుగుతాం, బబ్లూ గిన్నె కూడా దాంతోనే తొలిపేవాళ్లం. 20 రూపాయల టిన్ను గురించి ఇంత బుర్ర పెట్టి, నెత్తిమీద ఉన్న ట్యాంకుని మాత్రం మర్చిపోయాం.

ఇప్పుడు మా ఇంట్లో మనుషులకీ కుక్కకీ ఒకటే నీళ్లు. పొద్దున కుళాయి కాసేపు వదిలేసి, బిందెకి పట్టి, తెర్లిన తర్వాత ఒక నిమిషం మరగనిచ్చి, చల్లార్చి మూతపెట్టడం. బోరు నీళ్లే గతి అయినవాళ్ల సంగతి వేరు, మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఉప్పూ ఫ్లోరైడూ ఎక్కడికీ పోవు, అవి ఎక్కువున్న చోట ఆర్‌వో అవసరమే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా ఊళ్లో సింగ్‌నగర్ మునిగినప్పుడు సీలున్న సీసా నీళ్లే దిక్కు, అప్పుడు కుళాయి నీళ్లు తాగమని ఎవరూ అనరు. వరద నీళ్లలో ఎలుకల మూత్రం కలుస్తుంది, కుక్కలకి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు అలాగే అంటుకుంటుంది, ఏటా వేయించే టీకాలో అది ఉందో లేదో చూసుకోండి. కుళాయి నీళ్లలో ఉండేపాటి క్లోరిన్ కుక్కల్నీ పిల్లుల్నీ ఏమీ చెయ్యదు. చేపలకి మాత్రం ప్రాణాంతకం, నేరుగా తొట్టెలో పోయొద్దు.

బబ్లూ సైజు కుక్క రోజుకి సుమారు లీటరు తాగుతుంది, ఎండల్లో ఇంకా ఎక్కువే. రోజూ పొద్దున్నే దాని గిన్నె సబ్బూ పీచూ పెట్టి తోమడం పాప డ్యూటీ. సంపు మూతకి తలా 350 అడిగితే మూడో అంతస్తు వాళ్లు ఇంకా ఇవ్వలేదు. బబ్లూ మాత్రం మరిగించి చల్లార్చిన నీళ్లు వాసన చూసి, తులసి కుండీ కింద పళ్లెంలో నీళ్లు తాగడానికి పోతోంది. ఇప్పుడు ఆ పళ్లెం కూడా తోముతున్నాం.