తెల్లకోటు వద్దు, బడి యూనిఫాం చాలు

మన బడి సైన్సు గదిలో కిడ్నీ పటం ఒకటి వేలాడేది. చిక్కుడు గింజ ఆకారం అని రాస్తే మార్కు పడేది. బడి గేటు దాటితే శ్రీకాకుళం జిల్లాలోని మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటి మాట. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఏ ఊళ్లో అరుగు మీద కూర్చున్నా "క్రియాటినిన్ ఎంతొచ్చిందేటి?" అన్న ప్రశ్న వినబడుతుంది. కిడ్నీ సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం అది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. అయినా ఆ క్రియాటినిన్ కొలిచేదెవరు, కిడ్నీ బదులు రక్తాన్ని వడకట్టే డయాలసిస్ మిషను నడిపేదెవరు, ఆ పనికి ఏం చదవాలి అని మన పదో తరగతి పిల్లల్ని అడగండి. డాక్టరు, నర్సు అని రెండు మాటలు చెప్పి ఆగిపోతారు.

అందుకే ఈ సంచికలో ఒక్క పని గురించే రాస్తున్నాను. 9, 10 తరగతుల పిల్లల్ని ఒక్క పూట ఆసుపత్రి ఉద్యోగి వెంట ఉంచాలి. పిల్లలు ఏదీ ముట్టుకోరు, సాయం కూడా చెయ్యరు, వెంట ఉండి చూస్తారు, అంతే. ఇంటర్లో గ్రూపు ఎంచుకునే ముందే ఇది జరగాలి. బైపీసీ తీసుకుని, రక్తం చూడలేనని రెండో ఏడాదిలో తెలుసుకుంటే చాలా ఆలస్యం.

ముందు ల్యాబుకు పంపమంటాను. అక్కడ తప్పు ఎలా పుడుతుందో కళ్లకు కనిపిస్తుంది. రక్తం తీసే ట్యూబుల మూతలకు రంగులు అందం కోసం పెట్టలేదు. ఊదా మూతలో రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ అనే మందు ఉంటుంది, హిమోగ్లోబిన్‌కీ కణాల లెక్కకీ అదే. బూడిద మూతలో ఫ్లోరైడు ఉంటుంది, షుగరు పరీక్షకు. ట్యూబులోకి వచ్చాక కూడా రక్తకణాలు చక్కెరను తింటూనే ఉంటాయి. వేరుచేయకుండా మామూలు ట్యూబులో వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం దాకా షుగరు తగ్గిపోతుంది. ఫ్లోరైడు ఆ తిండిని ఆపుతుంది. లేత నీలం మూతలో సిట్రేటు, అదీ గడ్డకట్టకుండా ఆపే మందే. 9 పాళ్ల రక్తానికి 1 పాలు మందు లెక్క కాబట్టి గీత దాకా నిండకపోతే గడ్డకట్టే సమయం తప్పుగా వస్తుంది. ఎర్ర మూత ట్యూబులో రక్తాన్ని గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజులో తిప్పి, పైన తేలిన పసుపు ద్రవం, అంటే సీరంలో క్రియాటినిన్, పొటాషియం చూస్తారు.

ఇక్కడే పిల్లలు కళ్లు పెట్టి చూడాల్సింది ఒకటుంది. ఎర్ర మూత ట్యూబులో రక్తం చాల్లేదని ఊదా ట్యూబులోంచి కాస్త పోశారనుకోండి. ఆ ఈడీటీఏ పొటాషియం ఉప్పు. రిపోర్టులో పొటాషియం ప్రమాదకరంగా పెరిగి, కాల్షియం పాతాళానికి పడిపోయి కనిపిస్తుంది. ట్యూబును మెల్లగా తలకిందులు చెయ్యాల్సింది పోయి గట్టిగా కుదిపినా అంతే, ఎర్రకణాలు పగిలి లోపలి పొటాషియం బయటికొస్తుంది. జబ్బకు పట్టీ నిమిషం దాటి బిగించి ఉంచినా, రోగి చేత పిడికిలి మాటిమాటికీ బిగింపించినా అంకె పెరుగుతుంది. కిడ్నీ రోగికి పొటాషియం నిజంగానే పెరిగితే గుండె ఆగే ప్రమాదం. లేని పొటాషియానికి మందిస్తే అదో ప్రమాదం. డాక్టరు చేతికి వెళ్లే ఆ అంకె మంచిచెడ్డలు ల్యాబు టెక్నీషియన్ చేతిలో ఉన్నాయని పిల్లలకు ఆ బల్ల దగ్గర తెలిసినట్టు పాఠంలో తెలియదు. ఆ పనికి చదివే ల్యాబు టెక్నీషియన్ డిప్లొమా, డీఎంఎల్‌టీ, రెండేళ్లు.

అనుమతి దొరికితే డయాలసిస్ గది. సూదులు గుచ్చేటప్పుడు, తీసేటప్పుడు పిల్లలు బయటే ఉండాలి. మిగతా సమయంలో మంచం కాళ్ల వైపు నిలబడి చూడొచ్చు. రోగిని ముందు తూకం వేస్తారు. కిందటిసారి నుంచి ఎన్ని కిలోలు పెరిగాడో అంత నీరు ఒంట్లో చేరినట్టు లెక్క. నాలుగు గంటల్లో దాన్ని తియ్యాలి. మరీ ఎక్కువ, మరీ వేగంగా తీస్తే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. మిషనులో నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున ద్రావణం పారుతుంది, అంటే ఒక్క మనిషికి ఒక్క విడతలో 120 లీటర్లు. అందుకే పక్కనే ఆర్వో ప్లాంటు. డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపిన చోటును ఫిస్ట్యులా అంటారు. దానిపైన టెక్నీషియన్ వేళ్లు ఆనిస్తే జుమ్ముమంటుంది. ఆ కదలిక ఆగిందంటే అది మూసుకుపోయినట్టు అనుమానించాలి. ఆ చేతికి బీపీ చూడరు, సూది వెయ్యరు, నీళ్ల బిందె మొయ్యనివ్వరు. కొబ్బరి తోటల్లో పుట్టిన మనిషికి కొబ్బరినీళ్లు తాగొద్దని చెప్పాల్సి వస్తుంది, ఎందుకంటే వాటిలో పొటాషియం ఎక్కువ. ఆ మాట ఎంత నెమ్మదిగా చెప్పాలో కూడా పిల్లలు అక్కడే వింటారు.

ఊళ్లో టీకాలు వేసే నర్సు, ఏఎన్ఎం వెంట వెళ్లేవాళ్లు బుధవారమో శనివారమో వెళ్లాలి, టీకాల రోజులవి. పొడిని ద్రావణంతో కలిపిన ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా 4 గంటలు దాటితే ఎందుకు పారేస్తారో, సూది పడ్డాక బిడ్డను అరగంట ఎందుకు కూర్చోబెడతారో అడగాలి. ఫార్మసీ కిటికీ వెనకాల ఒక గంట చాలు.

ఇక ఏర్పాట్లు. హెడ్మాస్టరు గారి ఉత్తరం సూపరింటెండెంటుకో మెడికల్ ఆఫీసరుకో కనీసం రెండు వారాల ముందు చేరాలి. తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి. ఒక ఉద్యోగికి ఇద్దరు పిల్లలే, మూడోవాడొస్తే రోగికి గాలి ఆడదు. హెపటైటిస్ బి టీకాలు, 16 ఏళ్లు నిండినవాళ్లకు టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా) పడ్డాయో లేదో చూసుకోవాలి. జ్వరం, దగ్గు ఉంటే ఆ రోజు మానేయాలి. ఎక్స్‌రే గది, స్కానింగ్ గది, కాన్పు గది, ఆపరేషన్ థియేటర్, క్షయ వార్డు ఈ జాబితాలో ఉండకూడదు.

తెల్లకోటు మాత్రం వెయ్యొద్దని గట్టిగా చెబుతున్నాను. కోటు చూడగానే ముసలమ్మ "బాబూ, ఈ మాత్ర ఎప్పుడు మింగాల?" అని అడిగేస్తుంది. పిల్లవాడు మొహమాటానికి ఏదో చెప్పేస్తాడు. బడి యూనిఫాం, "విద్యార్థి, చూడటానికి మాత్రమే" అన్న బ్యాడ్జి, మడమ దాకా మూసిన బూట్లు, ముడేసిన జుట్టు, ఇవి చాలు. ఫోను ఇంట్లోనే. కడుపునిండా తిని రావాలి. ఖాళీ కడుపుతో నిలబడి రక్తం చూస్తే కళ్లు తిరగడం సహజం, అదేమీ సిగ్గుపడాల్సింది కాదు. తిరుగుతున్నట్టు అనిపిస్తే బయటికి నడవకూడదు, ఉన్నచోటే నేలమీద కూర్చోవాలి. నడవబోయి పడితే తలకు దెబ్బ. పొరపాటున సూది గుచ్చుకుంటే వేలు నొక్కకుండా సబ్బుతో కడిగి అక్కడికక్కడే చెప్పాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు అవసరమైతే రెండు గంటల్లోపు మొదలుపెట్టడం మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు.

చూసింది రాసుకునే పుస్తకంలో రోగి పేరు రాయకూడదు. మన ఊళ్లలో పేరు లేకపోయినా ఊరు, వయసు రాస్తే ఎవరో తెలిసిపోతుంది. అవీ వద్దు. పక్కింటి అత్త మంచం మీద కనబడినా ఇంటికొచ్చి చెప్పకూడదు. పుస్తకంలో పని గురించే రాయాలి: ఏం చేశారు, ఏ వరసలో, ఏది తప్పితే ఏమవుతుంది, నెలకు ఎన్ని రాత్రి డ్యూటీలు, ఏ కోర్సు చదివారు. నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, డీఫార్మసీ రెండేళ్లు. ఆరునెలల్లో నర్సుని చేస్తామనే బోర్డులు చూసి మోసపోకండి, ఆ కాగితంతో నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ రాదు.

మన పూర్వ విద్యార్థుల్లో స్టాఫ్ నర్సులున్నారు, టెక్నీషియన్లున్నారు, ఫార్మసిస్టులున్నారు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు మీ పేరు, పనిచేసే విభాగం, ఖాళీ ఉన్న రోజు ఒక చీటీ మీద రాసి ఆఫీసు గదిలో ఇచ్చి వెళ్లండి. ఒక పూట, ఇద్దరు పిల్లలు. మీ పైవారి అనుమతికి ఉత్తరం బడి నుంచి వస్తుంది.