పెద్ద బొంగరం, నాలుగో వారం: ఇంకా ఊగుతూనే ఉంది

నిన్న రాత్రి తొమ్మిది సెకన్లు తిరిగింది! పోయిన వారం మూడే. కానీ పదో సెకనుకు ఒరిగి, బల్ల కాలికి కొట్టుకుని అంచున పెచ్చు లేచింది. ప్రాణం ఉసూరుమంది.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో శిల్పి క్లేస్ ఓల్డెన్‌బర్గ్ 1976లో నిలబెట్టిన 45 అడుగుల ఉక్కు బట్టల క్లిప్పు ఫొటో చూసినప్పటి నుంచి ఒకటే కోరిక: నా చిన్నప్పటి బొంగరం ఒళ్లో పట్టనంత పెద్దది కావాలి. ఆయన క్లిప్పు బట్టలు పట్టుకోనక్కర్లేదు. నా బొంగరం మాత్రం తిరగాల్సిందే.

అసలుది 52 మి.మీ. వెడల్పు, 56 గ్రాములు. అయిదింతలు చేస్తే 260 మి.మీ. అదే కర్రతో అయితే బరువు 125 రెట్లు, ఏడు కిలోలు. అందుకే లోపల థర్మోకోల్, పైన కాగితపు గుజ్జు, మొత్తం 1,850 గ్రాములు. ఆకారం, గాడులు, ఎర్ర రంగు చక్కగా కుదిరాయి.

ఊగడమే పోవట్లేదు. రెండు స్టీలు స్కేళ్ల అంచుల మీద ములుకు, పైకొస ఆనించి పడుకోబెడితే ప్రతిసారీ ఒకే వైపు కిందికి తిరుగుతోంది. ఎదురంచున 38 గ్రాముల మేకులు అంటిస్తే ఆగింది. అంటే బరువు నడిమధ్య నుంచి దాదాపు 2.7 మి.మీ. పక్కకు ఉంది. వారం తర్వాత అదే చోట 15 గ్రాములే సరిపోయాయి. మొత్తం బరువూ 1,790కి దిగింది. కిటికీ వైపు ముందే ఎండి, గోడ వైపు తడి ఉండిపోయి ఉంటుంది. ఫెవికాల్ నేనే ఎక్కువ పోశాను, పైన పొరకట్టి లోపలి తడిని ఆపేసినట్టుంది. మా నాయనమ్మ కాగితం బుట్టలకు మెంతిపిండే కలిపేది. గుజ్జుకు దాన్ని మించింది లేదని నా నమ్మకం, ఈసారి అదే.

సరితూచాక కూడా ఊగింది! తూకపు దారం వేలాడదీసి చూస్తే ములుకు 3 మి.మీ. పక్కకు వాలి ఉంది. థర్మోకోల్‌లో మేకు నిలవదు. ఇరుసే వాలితే, పడుకోబెట్టినప్పుడు సరితూగినా తిరిగేటప్పుడు తేడా బయటపడుతుంది. ఇక పైనుంచి కింది దాకా ఒకే 12 మి.మీ. కర్ర దూర్చి, దాని చుట్టూ తిప్పుతూ గుజ్జు పూస్తాను. రోజుకు 3 మి.మీ. మించకూడదు, ఎండబెట్టేటప్పుడు గంటకోసారి తిప్పాలి.

ఆ తర్వాత తాటిబుర్రల బండి. ఓల్డెన్‌బర్గ్ 1962లో గుడ్డతో కుట్టిన పెద్ద హాంబర్గర్ లాగా, మెత్తగా, దూది నింపి, ఒక్కో బుర్ర రెండడుగులు. అత్తయ్యను పాత కుట్టు మిషను అడిగాను, ఆదివారం తెచ్చుకోమంది.